నాన్న జావా... అమ్మ లెక్క

"బండి బరువు మీద లెక్కేసి చెబుతున్నానమ్మా. ఇంజన్లో అల్యూమినియం ఉంది కాబట్టి మొత్తం కలిపి అయిదువేలిస్తా."

పాతసామాన్లు కొనే అతను మా నాన్న బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, కాలితో టైరు నొక్కి చూసి చెప్పిన మాట ఇది.

నాన్న పోయిన ఏడాదికి, 2022లో, ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చి అమ్మని తెనాలిలో మా ఇంటికి తెచ్చుకుంటున్నాం. సామాను సర్దుతుంటే పశువుల పాకలో ఎండుగడ్డి వెనకాల జావా మోటార్‌సైకిల్ బయటపడింది. 1969 మోడల్. హైస్కూల్లో లెక్కల మాస్టారైన మా నాన్న 1979లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. మోకాళ్లు సహకరించక 2003లో పాకలో పెట్టేశారు. అప్పట్నుంచీ దాని సీటు మీద కోళ్లు పడుకుంటున్నాయి.

"ఇచ్చెయ్యక్కా, దాన్నేం చేసుకుంటాం?" అన్నాడు బెంగళూరు నుంచి తమ్ముడు. "మంచి పని" అన్నారు మావారు. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. నడుముకి దోపుకున్న తాళాల గుత్తి తీసింది. బీరువా తాళం, వంటింటి తాళం, మధ్యలో చిన్న మేకులాంటిది ఒకటి. అది జావా తాళం! ఇరవై ఏళ్లుగా నడవని బండి తాళం అమ్మ గుత్తిలో ఎందుకుందో నాకు తెలీదు. దాన్ని రింగులోంచి తియ్యడానికి గోళ్లతో తంటాలు పడుతోంది.

"తుక్కుకి తాళమెందుకు మామ్మగారూ, ఉంచుకోండి" అన్నాడతను.

అమ్మ ఆ గుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకు ఏమనిపించిందో చెప్పలేను గానీ, "మేము అమ్మట్లేదు బాబూ" అనేశాను. సాయంత్రానికల్లా ట్రాలీ ఆటోలో మంచాలతో, బిందెలతోపాటు జావా కూడా మా ఇంటి వరండాలోకి చేరింది.

ఇడ్లీ ప్లేట్లలో నట్లు, బోల్టులు

నేను బీకామ్ చదివాను. వంటయ్యాక కథలు రాసుకుంటాను. ఇంజన్ గురించి నాకు తెలిసిందల్లా అది తిరిగితే బండి నడుస్తుందని! అందుకని ముందు దీని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకున్నాను. జావా కంపెనీ 1929లో ప్రాగ్ నగరంలో మొదలైంది. యానెచెక్ అనే ఆయన ఇంటిపేరులోంచి మొదటి రెండక్షరాలు, వాండరర్ అనే జర్మన్ కంపెనీ పేరులోంచి మొదటి రెండక్షరాలు కలిపితే జావా అయింది. మన దేశంలో మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1960ల మొదట్లో ఈ బండ్లు తయారుచేయడం మొదలుపెట్టింది. తర్వాత అవే యెజ్డీ పేరుతో వచ్చాయి. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా పేరు మళ్లీ మార్కెట్లోకి వచ్చింది గానీ ఆ కొత్త బండ్లు నాలుగు స్ట్రోకులవి. మా నాన్నది రెండు స్ట్రోకుల బండి. దీనికో తమాషా ఉంది. గేరుకీ, కిక్కుకీ ఒకటే కడ్డీ. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, స్టార్టయ్యాక కిందికి దించితే గేరు.

మా వీధి చివర మెకానిక్ కుర్రాడున్నాడు. పాతికేళ్లుంటాయి. "ఇంత పాత బండి నేనెప్పుడూ ముట్టుకోలేదు మేడమ్. కానీ నేర్చుకుంటా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ఆదివారాలు అతను మా ఇంటికొచ్చేవాడు. మిగతా రోజుల్లో తుడవడం, తోమడం, రుద్దడం నా పని. ఆ పనుల్లో మనల్ని మించినవాళ్లెవరు చెప్పండి!

విప్పే ముందు ప్రతి భాగానికీ ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాను. విప్పిన నట్లూ బోల్టులూ కలిసిపోకుండా పాత ఇడ్లీ ప్లేట్లలో పెట్టాను. ఒక్కో గుంటలో ఒక్కో చోటువి, పక్కన చీటీ. "ఈ పద్ధతి మా షెడ్లో కూడా లేదు మేడమ్" అన్నాడు కుర్రాడు. మావారు మాత్రం పేపరు చాటునుంచి, "ఇక ఇడ్లీలు దేంట్లో వేస్తావ్?" అన్నారు.

అసలు చిక్కు పిస్టన్ దగ్గర వచ్చింది. ఇరవై ఏళ్లు కదలక సిలిండర్‌లో బిగుసుకుపోయింది. బలవంతంగా కిక్కు కొడితే విరుగుతుంది. అందుకని ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో డీజిలూ ఇంజన్ ఆయిలూ కలిపి పోశాం. రోజూ ఇంకాస్త పోస్తూ ఉన్నాం. తొమ్మిదోరోజు బండిని టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ మెల్లిగా ఊపితే 'టక్' మని కదిలింది. కథ అచ్చయిందని ఉత్తరం వచ్చినప్పుడు కూడా నేనంత గట్టిగా అరవలేదేమో!

సిలిండర్‌లో గీతలు పడ్డాయి. విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్లి లేత్ మీద లోపలి గోడ నున్నగా కోయించి, ఆ కొలతకి అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేయించాం. క్రాంక్‌కి రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్లు ఎండి పగిలిపోయాయి. పిసరంతే ఉంటాయి గానీ రెండు స్ట్రోకుల ఇంజన్‌కి అవే ప్రాణం. అక్కడ బయటి గాలి చొరబడితే బండి స్టార్టవ్వదు, అయినా వేడెక్కి చస్తుంది. అవీ మార్చాం.

అమ్మ నోరు విప్పింది

ఇదంతా జరుగుతున్నప్పుడు అమ్మ ఏం చేసేదంటే... ఏమీ చేసేది కాదు. మా ఇంటికొచ్చినప్పట్నుంచీ అంతే. కూర ఏం చెయ్యనంటే "నాకేదైనా ఒకటే". టీవీ పెట్టనా అంటే "నాకెందుకే". వరండాలో బండికి వీపు పెట్టి కూర్చునేది. డాక్టరుగారు బీపీ మాత్ర రాసిచ్చి, "ఆవిణ్ణి కాస్త మాట్లాడించండి" అన్నారు. ఎలా మాట్లాడించాలో మాత్రం చీటీ మీద రాయలేదు.

ఓ రోజు పెట్రోలు ట్యాంకు లోపలి తుప్పు వదలగొడుతున్నాను. పెట్రోలు వాసన పూర్తిగా పోయేదాకా ఆరుబయట పెట్టి, తర్వాత గుప్పెడు పాత నట్లు లోపల వేసి గలగలా ఊపాను. వెనిగర్ పోసి రెండు రోజులుంచి పారబోశాను. మంచినీళ్లతో కడిగి ఎండలో పెట్టబోతుంటే వెనకనుంచి మాట వినిపించింది.

"పులుపు అలాగే ఉంటే ఇనుముని తినేస్తుందే. వంటసోడా నీళ్లు పోసి కడుగు. ఆరగానే లోపల ఆయిలు తిప్పు. లేకపోతే తెల్లారేసరికి మళ్లీ ఎర్రగా అవుతుంది."

అమ్మ! నెలల తర్వాత, అడక్కుండా తనంతట తాను నాలుగు మాటలు మాట్లాడింది. చింతపండుతో ఇత్తడి బిందెలు తోమిన చెయ్యి కదా, పులుపు సంగతి అమ్మకి తెలీకేం.

తర్వాత పెయింటర్ వచ్చాడు. ట్యాంకుకి ఎడంపక్క పెద్ద సొట్ట. "లప్పం పెట్టి నున్నగా చేస్తానమ్మా, కొత్తదానిలా ఉంటుంది" అన్నాడు.

"సొట్ట తియ్యొద్దు" అంది అమ్మ.

అందరం తిరిగి చూశాం. అమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. "వానాకాలం. కాలవగట్టు మీద బురదలో బండి జారింది. ట్యాంకు వెళ్లి మైలురాయికి కొట్టుకుంది. మీ నాన్న మోచేయి చీరుకుపోయింది. నాకేం కాలేదు. నువ్వు నా కడుపులో ఏడోనెల. ఆయన ఆ సొట్ట తీయించలేదు. గట్టు మీద మెల్లిగా పోవాలని గుర్తుండాలట."

నా పుట్టుకకి ముందు కథ నా నలభయ్యో పడికి దగ్గర్లో, పెయింటర్ ముందు తెలిసింది! సొట్ట అలాగే ఉంచి మెరూన్ రంగు వేయించాం.

నలభై కిక్కులు

ఎనిమిది నెలలకి బండి ఒక రూపానికొచ్చింది. కాంటాక్ట్ పాయింట్లు సన్నటి ఎమరీ కాయితంతో రుద్ది, మధ్య ఖాళీ 0.4 మిల్లీమీటర్లకి సరిచేశాడు కుర్రాడు. ఆరు వోల్టుల బ్యాటరీ పెట్టాం. పెట్రోలు పోశాం. తమ్ముడు వీడియో కాల్‌లో చూస్తున్నాడు. కుర్రాడు కిక్కు కొట్టాడు. కొట్టాడు. ఇంకా కొట్టాడు. నలభై దాకా లెక్కపెట్టి మానేశాను. చొక్కా తడిసిపోయింది గానీ బండి దగ్గనైనా దగ్గలేదు.

అమ్మ వరండా మెట్టు దిగి వచ్చింది. "బాబూ, కార్బొరేటర్ మీద చిన్న బొత్తాం ఉంటుంది చూడు, నొక్కావా?"

"ఏ బొత్తాం మామ్మగారూ?"

"చల్లబడ్డ బండికి ముందు అది నొక్కాలి. వేలికి పెట్రోలు తడి తగిలేదాకా. ఆగాగు... ఆయిలెంత కలిపావు?"

"లీటరుకి ఇరవై ఎమ్మెల్. స్కూటర్లకి అంతే కదండీ."

"ఇది స్కూటర్ కాదు నాయనా! లీటరుకి టానిక్కు సీసా మూతతో అయిదు మూతలు."

మేం లెక్కేసి చూశాం. మూతకి పది ఎమ్మెల్, అయిదు మూతలంటే యాభై. ఇరవైకి ఒక పాలు. ఆ కాలం జావాలకి చెప్పే లెక్క సరిగ్గా అదే! రెండు స్ట్రోకుల ఇంజన్‌లో పిస్టన్‌కీ క్రాంక్‌కీ వేరే ఆయిలంటూ ఉండదు. పెట్రోల్లో కలిపిందే దిక్కు. మేం పోసిన ఆయిలుతో స్టార్టయి నాలుగు మైళ్లు పోయుంటే, వేలు పోసి వేయించిన కొత్త పిస్టన్ మళ్లీ బిగుసుకుపోయేది.

"నీకెలా తెలుసమ్మా?" అన్నాను.

"ఊళ్లో బంకెక్కడుందే? మీ నాన్న శనివారం తెనాలి నుంచి డబ్బాతో పెట్రోలు తెచ్చేవారు. పొద్దున్నే ట్యూషన్ పిల్లలతో ఆయనకి తీరికేది? రోజూ కలిపి పోసింది నేనేగా."

ఇరవై నాలుగేళ్లు! మేం పిల్లలం దాన్ని 'నాన్న బండి' అన్నాం. ఊరంతా 'మాస్టారి బండి' అంది. దాని ఆకలి తెలిసిన మనిషి వెనక సీట్లో పక్కకి తిరిగి, పైట సర్దుకుంటూ కూర్చుందని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ఎనిమిది నెలలు ఫోన్‌లో వీడియోలు వెతికాను, ఆటోనగర్ అంతా అడిగాను. వరండాలో కూర్చున్న మనిషిని అడగలేదు!

ట్యాంకు ఖాళీ చేసి, అమ్మ లెక్కతో మళ్లీ కలిపాం. కుర్రాడు బొత్తాం నొక్కాడు. మూడో కిక్కుకి బండి అందుకుంది. రెండు సైలెన్సర్ల నుంచీ నీలం పొగ, డుగుడుగుమని ఆ శబ్దం. ఫోన్‌లో తమ్ముడు కళ్లు తుడుచుకోవడం చూశాను. అమ్మ మాత్రం చెవి ఒగ్గి విని, "ఐడిలింగ్ కాస్త తగ్గించు బాబూ" అంది!

మీరూ మొదలుపెడితే...

లేత్ పనీ పిస్టన్, సీళ్లూ బేరింగులూ, క్రోమ్ పూత, పెయింటు, పదహారంగుళాల టైర్లు, వైరింగూ బ్యాటరీ, కుర్రాడి కూలీ అన్నీ కలిపి మాకు నలభై రెండు వేలయింది. ఒక్కసారిగా కాదు, నెలనెలా మిగిలిందాంతో. ముందే లెక్క రాసుకుని మొదలుపెట్టండి. కొత్త పిస్టన్ వేశాక మొదటి అయిదువందల కిలోమీటర్లూ నెమ్మదిగా నడపాలి.

కాయితాలు మాత్రం అశ్రద్ధ చెయ్యకండి. యజమాని పోతే ముప్ఫై రోజుల్లో రవాణాశాఖకి తెలియజేసి, మూడు నెలల్లోపు ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్పించుకోవాలి. మేం ఆలస్యం చేశాం కాబట్టి అదనంగా కట్టాం. పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చెయ్యని బండ్లకి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ అని వేరే పద్ధతి కూడా వచ్చింది. కానీ అలా చేయిస్తే ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజువారీగా తిప్పకూడదు. మాకు తిరగాలని ఉంది కాబట్టి మామూలు పద్ధతిలోనే వెళ్లాం.

ఆర్సీ ఎవరి పేరున అన్న ప్రశ్న వచ్చింది. "అమ్మ పేరున" అన్నాడు తమ్ముడు, నేను నోరు తెరిచేలోపే. అభ్యంతరం లేదని సంతకం చేసి పంపించాడు. అమ్మ పేరున వచ్చిన మొట్టమొదటి ఆస్తి అది.

నేను నడపడం నేర్చుకున్నాను. ఇద్దరం హెల్మెట్లు పెట్టుకుని ఆదివారం పొద్దున్నే కాలవగట్టు మీదుగా ఊరిదాకా వెళ్లొస్తాం. బురద కనిపిస్తే వెనకనుంచి నా భుజం మీద చెయ్యి పడుతుంది. ఇప్పుడు అమ్మ కూర ఏం చెయ్యాలో కూడా చెబుతోంది. ఉప్పు ఎక్కువైందని కూడా చెబుతోంది. నేనేం బాధపడటం లేదు!

మీ ఇంట్లో కూడా మూలన పడ్డ కుట్టుమిషనో, రేడియోనో, స్కూటరో ఉండే ఉంటుంది. దాన్ని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లే ముందు ఇంట్లో పెద్దవాళ్లని ఒక్కమాట అడగండి. వాళ్లకేం తెలుసులే అనుకోకండి.

అన్నట్టు, మా బండి తాళం ఇప్పటికీ అమ్మ గుత్తిలోనే ఉంది. బండి తియ్యాలంటే నేనైనా సరే, అడిగి తీసుకోవాల్సిందే.