ఎన్నిక యను మాట

పలమనేరు నుండి కుప్పమునకు పోవు మార్గముననున్న శాంతిపురము, కోలారు గనులును కృష్ణగిరియు సమీపముగా గల సరిహద్దు సీమలోనిది. తెలుగు, కన్నడము, తమిళము మూడును చెవిని పడుచుండు ఆ సీమవారికి ఈ సంగతి క్రొత్తగా తోపకపోవచ్చును గాని, మిగిలిన తెలుగువారు గమనించినట్లు లేదు. ఓట్ల లెక్కింపును కన్నడిగులు 'మత ఎణికె' యందురు. తమిళులు 'వాక్కు ఎణ్ణిక్కై' యందురు. ఆ ఎణికెయు, ఎణ్ణిక్కైయు, మన ఎన్నికయు ఒక్క తల్లి బిడ్డలు. ఇరుగుపొరుగువారు కడపటి ఘట్టమునకు మాత్రమే వాడుకొనుచున్న పదమును మనము నామినేషను మొదలు ఫలితము వరకు గల సమస్త వ్యవహారమునకును పేరుగా నిలుపుకొంటిమి. ఆ వ్యవహారమును వారు చునావణె యనియు, తేర్తల్ అనియు వేరు మాటలతో చెప్పుదురు.

'ఎన్ను' అను ధాతువు సంఖ్యతో ఆగునది కాదు. ఎన్నరానివి యన్నప్పుడు లెక్కకు మిక్కిలియైనవి, ఎన్నదగినవాడన్నప్పుడు గౌరవార్హుడు, తప్పులెన్నుట యన్నప్పుడు దోషవిచారణము. గణించుట, పరికించుట, మన్నించుట అను మూడును ఒక్క క్రియలో నొదిగియుండగా, ఫలము కర్తకే చెందునని తెలుపు 'కొను' దానికి చేరి 'ఎన్నుకొను' అయినది. అనగా తనకొరకు తాను విచారించి తీసికొనుట. ప్రజలు తమ ప్రతినిధిని నిలుపుకొను క్రియకు ఇంతకన్న తగిన మాట నాకు తోపదు.

ఓటు మాత్రము ఆంగ్లేయము ద్వారా వచ్చినది. దాని మూలమైన లాటిను 'వోటుమ్' దేవతకు చేసికొన్న మ్రొక్కుబడి. తమిళుల వాక్కు నోటి మాట. కన్నడిగుల మతము అభిప్రాయము.

చిత్తూరు జిల్లా యింకను మదరాసు రాష్ట్రమున నుండగా జరిగిన 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలలో, అభ్యర్థికొక పెట్టె చొప్పున నుంచి, దానిపై గుర్తునంటించి, చదువురానివారు సైతము తమ కాగితమును మెచ్చిన పెట్టెలో వేయునట్లు ఏర్పాటు చేసిరి. పరికించుట ఓటరు పని, లెక్కించుట అధికారి పని. ఎన్నిక యను నొక్క మాటలో ఆ రెండు పనులును ఇమిడియున్నవి.

1997లో స్థాపితమైన ద్రావిడ విశ్వవిద్యాలయము కుప్పములోనే యున్నది. శాంతిపురము, గుడుపల్లె, రామకుప్పము ప్రాంతముల వృద్ధులు ఎన్నికల వేళ వాడు పలుకుబడులను, వారు జీవించియుండగనే ఆ విశ్వవిద్యాలయపు విద్యార్థులు పోగుచేసి, ఏ మాట ఏ యూరిదో తెలియునట్లు అచ్చువేయింపవలెనని మనసార కోరుచున్నాను.