సెల్‌ఫోనునకు కర్మాగారములో జరుగు పరీక్ష

నడిరాత్రి గ్రామమున ఒక తల్లికి నొప్పులు ఆరంభమైనచో ఇంటివారు మొదట చేయు పని 108 కు ఫోను చేయుట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ అంబులెన్సు సేవ 2005 లో ఆరంభమైనది. పిలుపు అందినచో వాహనము బయలుదేరును. అందనిచో విలువైన కాలము గడచిపోవును. ఆ పిలుపును గాలిలోనికి పంపునది ఫోనులోని చిన్న రేడియో భాగము. అది సరిగా పనిచేయునో లేదో కర్మాగారములో ఎట్లు పరీక్షింతురో పంచాయతీ సభ్యులకు తెలియజేయుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పరీక్ష ఎందుకు?

సంతలో కుండ కొనువారు దానిని వ్రేలితో మీటి చూతురు. ఒకే సారెపై, ఒకే చేతితో చేసినవైనను ఒక కుండ మ్రోగును, మరియొకటి బొంగురుపోవును. ఫోనుల విషయమును అట్టిదే. నమూనా ఒక్కటే యైనను లోపలి సూక్ష్మభాగములలో స్వల్పమైన తేడాలు ఉండక తప్పదు. కావున రేడియో భాగమును ప్రతి ఫోనులోను విడివిడిగా పరీక్షించి సరిచేయవలెను.

మొదటి దశ: పలకపై పరీక్ష

యంత్రములు సూక్ష్మభాగములను పలకపై అతికించిన పిమ్మట, దానిని లోహపు పెట్టెలో ఉంచి మూత బిగింతురు. కంసాలి తన త్రాసును గాలి తగులకుండ అద్దాల పెట్టెలో ఉంచుట మనము చూచియున్నాము. ఇదియు అట్టి ఏర్పాటే. బయటి టవర్ల తరంగములు గాని, ప్రక్క బల్లపైనున్న ఫోనుల తరంగములు గాని లోనికి ప్రవేశించినచో కొలత తప్పును. పిదప పలకకు తీగ తగిలించి, దానిని కొలత యంత్రముతో కలుపుదురు.

ఇచట ముఖ్యముగా మూడు సంగతులు చూతురు. మొదటిది ప్రసార శక్తి. 4జి ఫోను సాధారణముగా పంపగల హెచ్చు శక్తి సుమారు 200 మిల్లీవాట్లు, అనగా వాటులో అయిదవ వంతు. శక్తి తగ్గినచో దూరపు టవరునకు మాట చేరదు. మించినచో బ్యాటరీ త్వరగా తరిగి, ఇతరుల సంభాషణలకు అంతరాయము కలుగును. టవరు సమీపమున నున్నపుడు ఫోను తక్కువ శక్తితో పనిచేయవలెను గనుక, ఒక్కొక్క మెట్టు వద్దను శక్తిని కొలిచి, తేడాను ఫోను జ్ఞాపకశక్తిలోనే వ్రాసి ఉంచుదురు. తూనికలు కొలతల శాఖవారు కాటాను సరిచూచి ముద్ర వేయుట వంటిది ఈ పని.

రెండవది తరంగముల లెక్క. 1800 మెగాహెర్ట్జ్ అనగా సెకనుకు 180 కోట్ల కంపనములు. టవరు తరంగముతో పోల్చినపుడు ఇందు కోటికి ఒకటి, అనగా 180 కంపనములకు మించి తేడా ఉండరాదు. ఈ లెక్కను నిలుపునది ఒక చిన్న స్ఫటికము.

మూడవది వినికిడి. టవరు దూరమైనచో ఫోనునకు చేరు శక్తి అత్యల్పము. ఒక వాటును పది లక్షల కోట్ల భాగములు చేసినచో అందు ఒక భాగమునకు అటునిటుగా మాత్రమే ఉండును. యంత్రము అంత బలహీనమైన సంకేతమును పంపి, ఫోను ఎన్ని తప్పులతో గ్రహించినదో లెక్కించును. తప్పులు హద్దు మీరినచో ఆ పలకను ప్రక్కన పెట్టుదురు.

రెండవ దశ: కూర్పు ముగిసిన పిమ్మట

తీగ ద్వారా జరిగిన పరీక్షలో యాంటెన్నా పాల్గొనలేదు. యాంటెన్నాను పలకకు కలుపు చిన్న స్ప్రింగు వంగియున్నను ఆ పరీక్షలో బయటపడదు. కావున డొప్పలు బిగించిన పిమ్మట, తీగ లేకుండ గాలి ద్వారానే మరల పరీక్షింతురు. వైఫై, బ్లూటూత్ భాగములకును పరీక్షలు కలవు. ప్రతి ఫోనునకు 15 అంకెల ఐ.ఎమ్.ఇ.ఐ. సంఖ్యను కర్మాగారములోనే వ్రాయుదురు.

పరీక్షించు యంత్రమును సైతము పరీక్షింపవలెను. తీగల కొనలు అరిగినచో మంచి ఫోను చెడ్డదిగాను, చెడ్డది మంచిదిగాను కనబడును. అందువలన కొలతలు ముందే తెలిసిన ఒక ఫోనును పెట్టి యంత్రమును సరిచూతురు.

దేహముపై తరంగముల ప్రభావమునకు సంబంధించిన పరీక్ష వేరు. దానిని ప్రతి ఫోనుపై గాక, ఆ నమూనాపై ప్రయోగశాలలో జరుపుదురు. 2012 సెప్టెంబరు 1 నుండి భారతదేశమున దీనికి హద్దు, ఒక గ్రాము కణజాలము సగటుపై కిలోగ్రామునకు 1.6 వాట్లు.

నేటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో 2015 లో సెల్‌ఫోనుల తయారీ ఆరంభమైనది. అట్టి కర్మాగారములలో పల్లెల నుండి వచ్చిన యువతులు అనేకులు పనిచేయుదురు. కూర్పు, పరీక్ష వారి చేతులమీదుగా నడచు పనులే.

పంచాయతీ సభ్యులు చేయదగినది

ఫోను అందుట లేదని గ్రామస్థులు వచ్చినపుడు, టవరుపై అర్జీ వ్రాయుటకు ముందు ఒక చిన్న పరీక్ష చేయింపుడు. అదే సిమ్మును, అదే చోట, మరియొక ఫోనులో వేసి చూడవలెను. రెండవ ఫోను పలికినచో లోపము మొదటి ఫోనుదే కావచ్చును; అచట ఆ కంపెనీ సిమ్ములు ఏ ఫోనులోను పలుకనిచో అర్జీకి బలము చేకూరును.

క్రింద పడిన ఫోనునకు, విప్పి బాగుచేసిన ఫోనునకు కర్మాగారపు పరీక్ష హామీ కాజాలదు. యాంటెన్నా స్ప్రింగు కదలియుండవచ్చును. బాగుచేయించిన పిమ్మట దుకాణము వద్దనే ఒకమారు మాటలాడి చూచుకొనుట మేలు.

పాత ఫోను కొనువారు నక్షత్రపు గుర్తు, హ్యాష్, 06, హ్యాష్ నొక్కి ఐ.ఎమ్.ఇ.ఐ. సంఖ్య తెలిసికొనవచ్చును. కె.వై.ఎం. అను అక్షరములను ఆంగ్లములో వ్రాసి, ఖాళీ విడిచి, ఆ సంఖ్యను చేర్చి 14422 కు సందేశము పంపినచో వివరములు వచ్చును.

ఈ సంగతులను గ్రామసభలో నలుగురికి చెప్పుడు. ఆపద వేళ చేతిలోని ఫోను పలుకునో లేదో ఆపద రాకముందే చూచుకొనుట వివేకము.