పాత డీజిల్ కారుకు ఏ ఆయిల్?

రెండు లక్షల కిలోమీటర్లు దాటిన డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ రింగులు, బేరింగులు, ఆయిల్ సీళ్లు ఎంతో కొంత అరిగి ఉంటాయి. నెల్లూరు నుంచి వెంకటాచలం మీదుగా చెన్నై వైపు 16వ నంబరు జాతీయ రహదారిపై మండుటెండలో పరుగెత్తే కారుకు ఆయిలే ప్రాణం. దాన్ని ఎంచుకునే ముందు చూడాల్సింది కారుతో వచ్చిన మాన్యువల్.

డబ్బా మీది 15డబ్ల్యూ-40లో మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. రెండోది 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనం. నెల్లూరు తీరంలో గడ్డకట్టే చలి లేదు కనుక, మాన్యువల్ ఒప్పుకుంటే పాత ఇంజన్‌కు 15డబ్ల్యూ-40 చక్కగా సరిపోతుంది. పొగ ఆపుదామని, మాన్యువల్‌లో లేని మరింత చిక్కని 20డబ్ల్యూ-50 పోయడం మాత్రం తప్పు. స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో టర్బోకు ఆయిల్ ఆలస్యంగా అందుతుంది. అరుగుదల ఎక్కువగా జరిగేది అప్పుడే.

ఏపీఐ సీఐ-4 వంటి గుర్తులో ‘సీ’ అంటే డీజిల్ ఇంజన్లకు తగినదని. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో మసి ఫిల్టర్ ఉంటే, బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే వాడాలి.

కొత్త ఆయిల్ త్వరగా నల్లబడితే కంగారు అక్కర్లేదు, అది మసిని తనలో పట్టి ఉంచుతోంది. డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే కూలెంట్ కలుస్తున్నట్టు. మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే ఇంధనం దిగుతున్నట్టు. ఈ రెండింటినీ ఎంత ఖరీదైన ఆయిలూ బాగుచేయలేదు. వెంటనే బండి ఆపి మెకానిక్‌కు చూపించాలి.