ఇంట్లో మిడి ఫైల్స్ ఎడిట్ చేయాలా? కొత్తవాళ్లకి ఏ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది?

ఇంట్లో ఒక క్యాసియో లేదా యమహా కీబోర్డు, పక్కన ఒక మామూలు ల్యాప్‌టాప్ ఉన్నాయి. నెట్‌లో ఒక పాట మిడి ఫైల్ దొరికింది. గొంతుకి సరిపోయేలా శ్రుతి కాస్త దించాలి, స్పీడు తగ్గించాలి, మెలోడీ ట్రాక్‌ని మ్యూట్ చేసి దాని మీద మనం పాడుకోవాలి. కావాల్సింది ఇంతే. కానీ గూగుల్‌లో వెతికితే వచ్చే లిస్టుల్లో సగానికి సగం స్టూడియోల్లో వాడే పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లే. వాటిని ఓపెన్ చేయగానే స్క్రీన్ నిండా బటన్లు, ప్లే నొక్కితే సౌండ్ రాదు. చాలామంది ఆ మొదటి రోజే వదిలేస్తారు, కొందరు డబ్బులు కట్టేశాక వదిలేస్తారు. అందుకే ముందు అసలు మిడి ఫైల్‌లో ఏముంటుందో తెలుసుకుని, తర్వాత సాఫ్ట్‌వేర్ సంగతి చూద్దాం.

మిడి ఫైల్‌లో సౌండ్ ఉండదు

మిడి అనేది 1983లో వచ్చిన స్టాండర్డ్. వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి తయారైంది. మిడి ఫైల్‌లో ఉండేది పాట కాదు, పాట ఎలా వాయించాలో చెప్పే సూచనలు. ఏ కీ నొక్కాలి, ఎంత గట్టిగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి, ఏ వాయిద్యం, ఇలా అన్నమాట. ప్రతి నోట్‌కి 0 నుంచి 127 వరకు ఒక నంబరు, నొక్కిన బలానికి కూడా 127 దాకా ఒక నంబరు ఉంటాయి. అందుకే 5 నిమిషాల పాట ఎంపీ3లో 5 ఎంబీ దాకా ఉంటే, మిడిలో కొన్ని పదుల కేబీలకే సరిపోతుంది.

దీని వల్ల మనకి పెద్ద లాభం ఉంది. శ్రుతి మార్చినా, స్పీడు తగ్గించినా క్వాలిటీ ఏమాత్రం పాడవదు, ఎందుకంటే మారేది నంబర్లే. నష్టం కూడా ఇక్కడే ఉంది. ఆ సూచనలు చదివి వాయించేవాడు ఎవరో ఒకరు ఉండాలి. ఆ వాయించేవాడు మీ సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే ఫైల్ చక్కగా ఓపెన్ అవుతుంది, నోట్స్ కనిపిస్తాయి, కానీ నిశ్శబ్దం. కొత్తవాళ్లు "ఫైల్ కరప్ట్ అయింది" అనుకునేది చాలాసార్లు ఇదే.

దీనికి పరిష్కారం సౌండ్‌ఫాంట్. వాయిద్యాల అసలు శబ్దాలన్నీ ఒకే ఫైల్‌లో పెట్టిన ప్యాక్ అది. ఫ్రీగా చాలా దొరుకుతాయి. కాబట్టి కొత్తవాళ్లు సాఫ్ట్‌వేర్ గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్ని ఫీచర్లు ఉన్నాయి" అని కాదు, "ఇన్‌స్టాల్ చేసిన వెంటనే మిడి వినిపిస్తుందా" అని.

నోటేషన్ చదవగలిగితే మ్యూజ్‌స్కోర్

మ్యూజ్‌స్కోర్ స్టూడియో పూర్తిగా ఫ్రీ, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ పనిచేస్తుంది. మిడి ఫైల్ ఓపెన్ చేస్తే దాన్ని స్టాఫ్ నోటేషన్‌గా మార్చి చూపిస్తుంది, సౌండ్స్ కూడా దాంతోనే వస్తాయి కాబట్టి వెంటనే వినిపిస్తుంది. టూల్స్ మెనూలోనే ట్రాన్స్‌పోజ్ ఉంటుంది. మిక్సర్‌లో కావాల్సిన వాయిద్యాన్ని మ్యూట్ చేసుకోవచ్చు. ట్రినిటీ గ్రేడ్ పరీక్షలకి ప్రిపేర్ అయ్యే పిల్లలున్న ఇంట్లో అయితే ఇంకో ఆలోచన అక్కర్లేదు, ఇదే పెట్టుకోండి.

ఒక జాగ్రత్త. సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేయాల్సింది మ్యూజ్‌స్కోర్ డాట్ ఆర్గ్ నుంచి. డాట్ కామ్ అనేది నోటేషన్ షీట్లు పంచుకునే వేరే సైటు, అక్కడ సబ్‌స్క్రిప్షన్ అడుగుతుంది. ఆ స్క్రీన్ చూసి సాఫ్ట్‌వేర్‌కే డబ్బులు కట్టాలేమో అనుకోకండి.

దీని బలహీనత ఏంటంటే, ఎవరో కీబోర్డు మీద లైవ్‌గా వాయించి రికార్డ్ చేసిన మిడి ఇస్తే తికమకపడుతుంది. మనిషి తాళానికి అటూ ఇటూగా వాయించిన ప్రతి చిన్న తేడానీ నోటేషన్‌లో ఇరికించబోయి, పేజీ నిండా రెస్టులు, టైలు పెట్టేస్తుంది. అలాంటి ఫైల్స్‌కి పియానో రోల్ ఉన్న సాఫ్ట్‌వేరే మేలు.

నోటేషన్ రాకపోతే పియానో రోల్

పియానో రోల్ అంటే ఎడమ పక్క నిలువుగా పియానో కీలు, కుడి పక్క గ్రాఫ్ పేపర్‌లాంటి గళ్లు. ఒక్కో నోట్ ఒక్కో గీత. పైకి లాగితే స్థాయి పెరుగుతుంది, పొడుగు చేస్తే ఎక్కువసేపు మోగుతుంది. పది నిమిషాల్లో ఎవరికైనా అర్థమైపోతుంది.

ఒకటీ రెండూ చిన్న మార్పులే చేయాలంటే అసలు ఇన్‌స్టాల్ గొడవే లేకుండా సిగ్నల్ అనే ఆన్‌లైన్ ఎడిటర్ ఉంది. ఇది కూడా ఓపెన్ సోర్సే. బ్రౌజర్‌లోనే మిడి ఓపెన్ చేసి, మార్చి, మళ్లీ మిడిగానే సేవ్ చేసుకోవచ్చు. పైన చెప్పిన శ్రుతి, స్పీడు, మ్యూట్ లాంటి పనులకి నా మొదటి సలహా ఇదే. నచ్చకపోతే ట్యాబ్ మూసేస్తే సరి.

సొంతంగా బీట్లు చేయాలని కూడా ఉంటే ఎల్‌ఎంఎంఎస్ చూడండి. ఇదీ ఫ్రీయే. అయితే మిడి ఇంపోర్ట్ చేసే ముందు సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ సౌండ్‌ఫాంట్ ఏదో చూపించాలి, లేదంటే నిశ్శబ్దమే. ఇంకొకటి, దీంట్లో మైక్ పెట్టి మీ గొంతు రికార్డ్ చేసే సౌకర్యం ఉండదు. ట్రాక్ తయారు చేసి ఆడియోగా ఎక్స్‌పోర్ట్ చేసుకుని, గొంతు ఆడాసిటీ లాంటి దాంట్లో కలుపుకోవాలి.

రీపర్ గురించి చాలామంది చెప్తారు. నిజంగానే మంచిది, డౌన్‌లోడ్ సైజు చాలా చిన్నది, పాత ల్యాప్‌టాప్‌ల మీద కూడా హాయిగా నడుస్తుంది. 60 రోజులు ఫ్రీగా చూడొచ్చు, తర్వాత ఇంట్లో వాడేవాళ్లకి లైసెన్స్ 60 డాలర్లు. కానీ చెప్పుకోదగ్గ వాయిద్యాల సౌండ్స్ దాంతో రావు, విడిగా ప్లగిన్లు వెతుక్కోవాలి. మొదటి నెలలోనే దీని జోలికి వెళ్లొద్దనే చెప్తాను. కేక్‌వాక్ సోనార్‌కి ఫ్రీ వెర్షన్ ఉంది, విండోస్‌లో మాత్రమే, అది కూడా స్టూడియో స్థాయి సరంజామానే.

మ్యాక్ ఉన్నవాళ్లకి గ్యారేజ్‌బ్యాండ్ ఫ్రీ. మిడి ఫైల్‌ని లాగి అందులో వదిలితే చాలు, అద్భుతమైన సౌండ్స్‌తో మోగుతుంది. చిక్కల్లా ఒక్కటే, ఎడిట్ చేశాక మళ్లీ మిడి ఫైల్‌గా బయటికి ఇవ్వదు, ఆడియోగానే ఇస్తుంది. ఆ ఫైల్‌ని మీ కీబోర్డులోకి ఎక్కించాలనుకుంటే ఇది పనికిరాదు.

ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌తో కూడా ఇలాంటి చిక్కే. ట్రయల్‌లో అన్నీ చేయనిస్తుంది, సేవ్ కూడా అవుతుంది, కానీ సేవ్ చేసిన ప్రాజెక్టుని కొనేదాకా మామూలుగా తెరవనివ్వదు. మూడు రోజులు కూర్చుని చేసిన పని అందులో ఇరుక్కుపోవడం కంటే ఆ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది.

శ్రుతి దించితే డ్రమ్స్ ఎందుకు పాడవుతాయి?

కొత్తవాళ్లకి అర్థం కాని సమస్య ఇది. అన్ని ట్రాకులూ సెలెక్ట్ చేసి రెండు సెమీటోన్లు కిందకి దించుతారు. పాట బాగానే ఉంటుంది, తాళం మాత్రం పిచ్చిపిచ్చిగా మోగుతుంది. కారణం చాలా సింపుల్. మిడిలో 16 ఛానెళ్లు ఉంటాయి, వాటిలో 10వది డ్రమ్స్‌కి కేటాయించింది. ఆ ఛానెల్‌లో నోట్ నంబరు అంటే స్వరం కాదు, ఒక్కో నంబరు ఒక్కో డ్రమ్. 36 బేస్ డ్రమ్, 38 స్నేర్, 40 ఇంకో రకం స్నేర్, 42 మూసిన హై హ్యాట్. రెండు దించితే స్నేర్ కాస్తా బేస్ డ్రమ్ అవుతుంది, హై హ్యాట్ మోగాల్సిన చోటల్లా స్నేర్ దబదబలాడుతుంది. కాబట్టి ట్రాన్స్‌పోజ్ చేసేటప్పుడు 10వ ఛానెల్‌ని సెలెక్షన్ నుంచి తీసేయండి.

మన పాటలకి ఇంకో ఇబ్బంది ఉంది. మిడి పుట్టిందే కీబోర్డు చుట్టూ, అంటే మెట్లు మెట్లుగా ఉండే స్వరాల చుట్టూ. గమకాలు రావాలంటే పిచ్ బెండ్ అనే వేరే సూచన వాడాలి, మామూలుగా అది ఒక్కో వైపు రెండు సెమీటోన్లు వంగుతుంది. పైగా ఒక ఛానెల్‌లో బెండ్ వేస్తే ఆ ఛానెల్‌లో మోగుతున్న నోట్స్ అన్నీ వంగుతాయి. అందుకని వీణ, ఫ్లూట్ లాంటి ట్రాక్‌ని తీగల బ్యాకింగ్‌తో కలపకుండా దాని ఛానెల్‌లో దాన్నే ఉంచాలి. ఈ పనికి పియానో రోల్ కింద బెండ్ గీత కనిపించే సాఫ్ట్‌వేరే వాడాలి, నోటేషన్ సాఫ్ట్‌వేర్‌తో కుదరదు.

ఎంపీ3ని మిడిగా మారుస్తామనే సైట్ల మీద పెద్దగా ఆశలు పెట్టుకోకండి. స్పాటిఫై ఫ్రీగా ఇచ్చిన బేసిక్ పిచ్ లాంటి టూల్ కూడా ఒక్క వాయిద్యమే ఉన్న రికార్డింగ్‌తోనే బాగా పనిచేస్తుంది. పూర్తి ఆర్కెస్ట్రా ఉన్న సినిమా పాట ఇస్తే వచ్చే నోట్స్ శుభ్రం చేసే టైమ్‌లో చెవితో విని కొత్తగా వాయించుకోవచ్చు.

కీబోర్డు కలపాలంటే

ఈ మధ్య వచ్చిన చాలా కీబోర్డుల వెనక చదరంగా ఒక యూఎస్‌బీ పోర్టు ఉంటుంది. ప్రింటర్‌కి వాడే కేబులే దానికీ సరిపోతుంది, వేరేది కొనక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే మధ్యలో ఓటీజీ అడాప్టర్ పెట్టాలి. కలిపాక సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో మిడి అవుట్‌పుట్‌గా మీ కీబోర్డునే ఎంచుకుంటే, అదే పాటంతా వాయిస్తుంది, సౌండ్‌ఫాంట్ అవసరమే ఉండదు. ఒకవేళ మీరు ఒక కీ నొక్కితే రెండుసార్లు మోగినట్టు వినిపిస్తే కంగారు పడకండి. ఒకటి కీబోర్డు తనంతట తాను వాయిస్తున్నది, రెండోది కంప్యూటర్ నుంచి తిరిగి వస్తున్నది. కీబోర్డు ఫంక్షన్ మెనూలో లోకల్ కంట్రోల్ అనే ఆప్షన్ ఆఫ్ చేయండి. కేబుల్ తీసేశాక మళ్లీ ఆన్ చేసుకోండి, లేదంటే కీబోర్డు మూగబోతుంది.