పత్తి సభలో సభ్యులెవరు?

మా బడిలో చదువుకున్న అమ్మాయి ఒకతె అచ్యుతాపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నది. క్రితం సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు, విదేశీ చొక్కాలకు తగిలించే అట్టచీటీ ఒకటి, పారేసినది, తెచ్చి నా చేతిలో పెట్టింది. "మాస్టారండీ, ఇందులో ఏటి రాసున్నాదండీ? మా మావయ్య సాలూరు అవతల పత్తి ఏస్తన్నాడు గదా, ఆడి పత్తి ఇందులో ఉంటాదేటండీ?" అని అడిగింది. చీటీ మీద ఉన్నవి నాలుగే మాటలు. మేలైన పత్తి సాగుకు ఈ కంపెనీ తోడ్పడుతున్నదని వాటి సారం. మాటలకు అర్థం చెప్పగలిగాను గాని, ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు వెతుక్కుంటూ తెలుసుకున్న విషయాలే ఈ వ్యాసం.

సాహిత్య పత్రికలో పత్తి వ్యవహారమేమిటని పాఠకులు అనుకోవచ్చు. పత్తిరైతు మీద మన కథకులు రాసింది తక్కువేమీ కాదు. ఐతే ఆ కథల్లో ఎక్కువ భాగం పురుగుమందు డబ్బా దగ్గర మొదలై పురుగుమందు డబ్బా దగ్గరే ముగుస్తాయి. షావుకారు, ఎరువుల దుకాణందారు, పోలీసు, పోస్టుమార్టం, ఏడ్చే ఇల్లాలు. ఈ పాత్రలు అబద్ధమని నేననను. కాని గడచిన పాతికేళ్లలో పల్లెలోకి మరో రకం మనుషులు వచ్చారు. చేతిలో నోటుపుస్తకం, భుజాన సంచి, మోటారు సైకిలు, రైతుల్ని ముప్ఫైమందిని చెట్టుకింద కూర్చోబెట్టి మాట్లాడే కుర్రవాడు. అతడి జీతం ఎక్కడినుంచి వస్తున్నది? అతడి సంస్థ ఎవరికి జవాబుదారీ? ఈ పాత్ర మన కథల్లోకి ఇంకా సరిగా రాలేదు. వచ్చినచోట కూడా దేవదూతగానో విదేశీ ఏజెంటుగానో వచ్చింది. రెండూ తేలిక పద్ధతులే.

అతడి సంస్థను మనం స్వచ్ఛంద సంస్థ అంటున్నాం. తరగతిలో ఈ మాట రాయమంటే పిల్లల్లో సగంమంది దాన్ని 'స్వచ్ఛమైన' సంస్థ అనుకుంటారు. ఈ మాటలో స్వచ్ఛత ఏమీ లేదు. స్వ, ఛందం అనే రెండూ కలిసిన మాట ఇది. ఛందమంటే ఇచ్ఛ. తన ఇష్టం మీద నడిచేది స్వచ్ఛందం. ఎవరి ఇష్టం మీద నడుస్తున్నదన్న ప్రశ్న ఆ మాటలోనే ఉన్నది గనక, మనం కొత్తగా కల్పించనక్కరలేదు. 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భంగా ఈ విశాఖపట్నంలోనే విద్యార్థులు ఒక కరపత్రం వేసి, రచయితలు ఎటువైపున్నారో తేల్చుకోమన్నారు. రచయితల్ని అడిగిన ప్రశ్న సంస్థల్ని అడగటం తప్పుకాదు. వామపక్షాలు ఆ పని చెయ్యకపోలేదు. 1984లోనే ప్రకాశ్ కారత్ 'ది మార్క్సిస్ట్' పత్రికలో స్వచ్ఛంద సంస్థలు సామ్రాజ్యవాద వ్యూహంలో భాగమని వాదిస్తూ పెద్ద వ్యాసం రాశారు. మా మిత్రుడొకాయన నేటికీ ఆ ఒక్క వ్యాసంతోనే అన్ని సంస్థలకూ తీర్పు చెప్పేస్తుంటాడు. ఆయనతో నాకు పేచీ ఉన్నది. దాని సంగతి తరువాత చెబుతాను.

పత్తికీ సభ్యత్వానికీ మన దేశంలో పాత చరిత్ర ఉన్నది. 1924 డిసెంబరులో బెళగాంలో గాంధీ అధ్యక్షతన జరిగిన కాంగ్రెసు, సభ్యత్వ రుసుం డబ్బుగా కాక నూలుగా చెల్లించాలని తీర్మానించింది. నెలకు 2,000 గజాలు. ఏడాది తిరక్కుండానే ఆ నియమాన్ని సడలించుకోవలసి వచ్చిందన్నది వేరే సంగతి. 1925 సెప్టెంబరులో పాట్నాలో అఖిల భారత చరఖా సంఘం పుట్టింది. అందులో ఎ తరగతి సభ్యుడు నెలకు 1,000 గజాలు, బి తరగతి సభ్యుడు ఏడాదికి 2,000 గజాలు, తాను వడికిన నూలు ఇచ్చుకోవాలి. నూలు సమంగా ఉండాలి, పురి బాగా పడాలి. వకీలైనా జమీందారైనా ఆ సంఘంలో కూర్చోవాలంటే వేళ్లకు దూది అంటుకోక తప్పేది కాదు. గాంధీ ఆర్థిక సిద్ధాంతంతో మనకు ఎన్ని అభిప్రాయభేదాలున్నా, సభ్యత్వాన్ని శ్రమతో ముడివేసిన ఈ ఒక్క నిబంధనను గమనించాలి.

మన ఉత్తరాంధ్రలో దీనికి కంటికి కనిపించే సాక్ష్యం పొందూరు. అక్కడి సన్నఖద్దరుకు పునాస పత్తి, కొండపత్తి వాడతారు. గింజ తియ్యకముందు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ చిన్న చిన్న పళ్ల సందుల్లో నలుసులు చిక్కుకుని, పోగు నిలువుగా సాగుతుంది. వందో నంబరు నూలు ఆ చేతుల్లోనే దిగింది. గాంధీ తన కొడుకు దేవదాసును ఈ పని చూసి రమ్మని పంపారు. ఆంధ్ర సన్నఖద్దరు కార్మికాభివృద్ధి సంఘం ఈ పనివాళ్ల కోసం ఏర్పడినదే. అదీ లాభాపేక్ష లేని సంస్థే. కాని మనం ఆ మాట వాడం, 'సంఘం' అంటాం. వడికే ముసలమ్మకు వచ్చే కూలి ఎంత తక్కువో పొందూరు వెళ్లినవారికి తెలుసు గనక దీన్ని స్వర్గంగా చిత్రించటం నా ఉద్దేశం కాదు. అక్కడ పత్తి ఏదో, వడికింది ఎవరో, నేసింది ఎవరో అడిగితే చెప్పేవాళ్లున్నారు. నాకు కావలసింది ఆ ఒక్క సంగతి.

మిల్లు పత్తి కథ వేరు. పొట్టిపింజె నాటు రకాలు పోయి, పొడుగు పింజె రకాలూ సంకరాలూ వచ్చాయి. వాటితో పాటు నీళ్లు, ఎరువు, మందు, అప్పు వచ్చాయి. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్లలో తెల్లదోమ విరుచుకుపడింది. కొత్తగా వచ్చిన పైరెత్రాయిడ్ మందులు కొట్టేకొద్దీ దోమను తినే మిత్రపురుగులు చచ్చాయి, దోమ పెరిగింది. 1987లో అక్కడ పత్తిరైతుల ఆత్మహత్యలు జరిగాయి. పదేళ్ల తరువాత, 1997–98లో, వరంగల్లు జిల్లాలో పొగాకు లద్దెపురుగు వంతు. 2002 మార్చిలో బీటీ పత్తికి ప్రభుత్వం అనుమతినిచ్చింది. మొదట్లో శనగపచ్చ పురుగు తగ్గిన మాట నిజమే. తరువాత గులాబీరంగు పురుగు దానికి అలవాటుపడింది. 

ఈ నేపథ్యంలోనే ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామం గురించి చెప్పుకోవాలి. ప్రస్తుతం అది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది. 1999లో 'సెక్యూర్' అనే స్థానిక సంస్థ అక్కడ పురుగుమందు లేని సాగు మొదలుపెట్టించింది. పద్ధతుల్లో మంత్రమేమీ లేదు. వేసవి లోతు దుక్కులు, వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, తెల్లదోమకు పసుపురంగు జిగురు అట్టలు, లద్దెపురుగును మళ్లించటానికి గట్టున ఆముదం, శనగపచ్చ పురుగుకు బంతి. మందు కొట్టటానికి ముందు పురుగు జీవితాన్ని చదవటం ఇందులో అసలు పాఠం. గుడ్డు ఎక్కడ పెడుతుంది, పిల్ల ఎన్నాళ్లకు బయటికొస్తుంది, దాన్ని ఎవరు తింటారు. 2004 నాటికి ఊరంతా మందు మానేసింది. పంచాయతీ తీర్మానం చేసింది. హైదరాబాదులో 2004లో ఏర్పడిన సుస్థిర వ్యవసాయ కేంద్రం ఈ అనుభవాన్ని బయటి ఊళ్లకు తీసుకుపోయింది. తరువాత ఇందిరా క్రాంతి పథం ద్వారా మహిళా సమాఖ్యల చేతికి వెళ్లి, ప్రభుత్వ కార్యక్రమంగా విస్తరించింది. మందుకోసం అప్పిచ్చేవాడే పంట కొనేవాడు కూడా అయినచోట, మందు మానటమంటే ఆ ముడి తెంపటమే. పునుకులలో ఆ ముడిని ముందు పట్టుకున్నవాళ్లు స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు. మా మిత్రుడితో నా పేచీ ఇక్కడే. ఈ పని చేసినదీ స్వచ్ఛంద సంస్థే. దీన్ని సామ్రాజ్యవాద వ్యూహమని కొట్టిపారేస్తే ఆ ఆడవాళ్లు చేసింది కూడా కొట్టిపారేసినట్టే.

ఇక చీటీ సంగతి. 2005లో ప్రపంచ ప్రకృతి నిధి పిలుపుమీద కొందరు సమావేశమై ఆలోచించగా, 2009లో బెటర్ కాటన్ ఇనీషియేటివ్ అనే సంస్థ స్విట్జర్లండులో ఏర్పడింది. ఐకియా, హెచ్ అండ్ ఎం, ఆడిడాస్ వంటి దుకాణాలవాళ్లు మొదటినుంచీ ఉన్నారు. మొదటి పంట 2010–11లో ఇండియా, పాకిస్తాన్, బ్రెజిల్, మాలీ దేశాల్లో వచ్చింది. నేడు ప్రపంచ పత్తిలో అయిదోవంతుకు పైగా ఈ లెక్కలోకి వస్తున్నది. ఇది లాభాపేక్ష లేని సంస్థ. ఇందులో మళ్లీ సభ్యులున్నారు. రైతుల సంస్థలు ఒక వర్గం. నూలు, బట్ట తయారుచేసేవారూ వ్యాపారులూ ఒక వర్గం. చిల్లరగా అమ్మే పెద్ద దుకాణాలు ఒక వర్గం. పౌరసమాజ సంస్థలని పిలిచే లాభాపేక్ష లేని సంస్థలు మరో వర్గం. పాలకమండలిలో అన్ని వర్గాలకూ చోటు ఉంటుంది. పురుగుమందుల మీద పోరాడే బ్రిటిషు సంస్థ పెస్టిసైడ్ యాక్షన్ నెట్‌వర్క్, హాలెండులో పుట్టిన సాలిడారిడాడ్ ఇలా వచ్చి చేరినవే.

సభ్యత్వం వేరు, భాగస్వామ్యం వేరు. సభ్యసంస్థ రుసుం కడుతుంది, ఓటు వేస్తుంది, నిబంధనలు రాసేటప్పుడు మాట్లాడుతుంది. భాగస్వామి సంస్థ డబ్బు పుచ్చుకుని పల్లెలో పని చేస్తుంది. వరంగల్లులో 'మారి' అనే సంస్థ చేసింది ఈ రెండో రకం పని. మన చెట్టుకింది కుర్రవాడు ఈ రెండో దారినే వస్తాడు. చిన్నరైతుల్ని సుమారు 35 మంది చొప్పున జట్లుగా కూర్చి, అలాంటి జట్లు వందదాకా కలిపి ఒక యూనిట్ చేస్తారు. మందుల వాడకం, నీరు, నేల, పింజె నాణ్యం, కూలీల పరిస్థితి, బాలకార్మికులు లేకపోవటం — ఇవి చూసి లైసెన్సు ఇస్తూ వచ్చారు. రైతు విడిగా సభ్యుడు కాడు. స్టాకుహోములో దుకాణం సభ్యురాలు, నూలు మిల్లు సభ్యురాలు, పౌరసంస్థ సభ్యురాలు. పత్తి పండించినవాడు తన సంస్థ ఏదైనా అక్కడ చేరితే దాని పేరు మీదే తప్ప ఆ సభలోకి రాడు.

ధర విషయం మరీ ముఖ్యం. ఈ పద్ధతిలో రైతుకు ఎక్కువ ధర ఇస్తామన్న హామీ లేదు. మందు ఖర్చు తగ్గితే మిగిలేదే అతడి లాభం. బీటీ విత్తనం వేసినా అభ్యంతరం లేదు. కనీస ధరా, దానిపైన ప్రీమియమూ ఇచ్చే ఫెయిర్‌ట్రేడ్ పద్ధతి వేరు. 2004లో డచ్చి సంస్థల తోడ్పాటుతో మొదలై ఆదిలాబాదు వంటి జిల్లాల్లో పనిచేసిన చేతనా ఆర్గానిక్ ఈ రెండో దారి పట్టింది. బీటీ పనికిరాదు, రసాయనాలు పనికిరావు, సర్టిఫికెట్టు కోసం రెండు మూడేళ్లు ఆగాలి. అంచేత అది కొద్దిమందికే అందింది. తక్కువ మార్పుతో లక్షలమందిని చేరటమా, ఎక్కువ మార్పుతో వేలమందిని చేరటమా అన్నది ఇందులో అసలు తగాదా. కథ రాసేవాళ్లకు నాకు తెలిసి ఇంతకంటే మంచి వస్తువు లేదు. రెండువైపులా నిజాయితీపరులున్నారు.

అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెప్పవచ్చు. ఆ చీటీకి వెనక చాలాకాలం నడిచిన లెక్కను తూకం సరిపెట్టటం అనవచ్చు. పాలకేంద్రంలో వందమంది పోసిన పాలు ఒకే తొట్టిలో కలుస్తాయి. నేను కొన్న అరలీటరులో ఫలానా వారి గేదె పాలున్నాయని చెప్పలేను. అలాగే లైసెన్సు పత్తి జిన్నింగు దాటాక మామూలు పత్తితో కలవవచ్చు. ఒక్కో కిలో దూదికి ఒక్కో యూనిట్ చొప్పున కాగితం మీద చేతులు మారుతుంది. దుకాణం ఆ యూనిట్లను లెక్క చూపి రుసుం కడుతుంది. ఆ రుసుంలోంచే పల్లెలో శిక్షణకు డబ్బు వస్తుంది. అంటే చీటీ ఉన్న చొక్కాలో లైసెన్సు పత్తి ఒక్క పోగు లేకపోయినా చీటీ అబద్ధం కాదు! 2023 నవంబరులో పత్తిని భౌతికంగా వెంబడించే పద్ధతి కూడా ప్రవేశపెట్టారు. 2024 ఏప్రిల్‌లో ఎర్త్‌సైట్ అనే పరిశోధన సంస్థ, బ్రెజిల్‌లోని బాహియా ప్రాంతపు పెద్ద ఎస్టేట్ల పత్తికి ఈ ముద్ర ఉన్నదనీ, అక్కడ అడవుల నరికివేత, భూముల ఆక్రమణ ఆరోపణలున్నాయనీ బయటపెట్టింది.

దుకాణాల రుసుంతో నడిచే సభలో కూర్చుని, దుకాణాలను నిలదీసే పని పౌరసంస్థ చెయ్యగలదా? కొంతమేరకు చెయ్యగలదు. అతి ప్రమాదకరమైన మందులను జాబితాలోంచి తప్పించాలని లోపల కూర్చున్నవాళ్లు వాదించబట్టే నిబంధనలు బిగిశాయి. ఐతే ఒకే సంస్థ ఒకచేత్తో ఓటు వేస్తూ రెండోచేత్తో పని తాలూకు డబ్బు పుచ్చుకుంటే, ఆ గొంతు ఎంతవరకు లేస్తుందన్న అనుమానం న్యాయమైనదే. నా మట్టుకు నేను సంస్థ సభ్యత్వాన్ని తప్పుపట్టను. దాని వార్షిక నివేదికలో రైతు ఫొటో ఎన్ని పేజీల్లో ఉన్నదో చూడను. ధర గురించి ఎన్ని వాక్యాలున్నాయో చూస్తాను.

మొన్న ఆదివారం ఈ సంగతులన్నీ ఆ అమ్మాయికి చెప్పాను. వాళ్ల మావయ్యది కౌలు భూమి. అతడు ఏ జట్టులోనూ లేడు. అంచేత ఆ చొక్కాలో అతడి పత్తి ఉన్నా లేకపోయినా ఆ చీటీ అతడి గురించి కాదు. అమ్మాయి చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది. "మరి కుట్టినోళ్ల గురించి ఏటైనా ఉన్నాదేటండీ?" అన్నది. లేదని చెప్పాను. ఆ నిబంధనలు పొలం దగ్గరే ఆగుతాయి, కుట్టుమిషను దాకా రావు. ఉదయం నాలుగున్నరకే ఫ్యాక్టరీ బస్సు వస్తుందని చెప్పి ఆమె పెందరాళే వెళ్లిపోయింది.