పులికాట్‌లో తెరచాప పడవ: ఈ సరస్సు ఊపిరి ఎక్కడుంది?

ఈరోజు మన కరువు సీమ వదిలి ఉప్పునీళ్ల మీదికి పోదాం. టాపిక్ పులికాట్ సరస్సు.

కొత్తచెరువు నుంచి తిరుపతి మీదుగా సూళ్లూరుపేట, తడ వైపు వెళ్లాలి. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రాలో, దక్షిణం కొస తమిళనాడులో ఉంది. సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగోడలా ఉన్న దీవే శ్రీహరికోట. అవును, రాకెట్లు ఎగిరే శ్రీహరికోటే! ఒడిశాలో చిలికా తర్వాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే.

ఇక్కడ జాలర్ల తెరచాప పడవలు ఇంకా కనిపిస్తాయి. లాజిక్ సింపుల్. పగలు నేల తొందరగా వేడెక్కుతుంది, మధ్యాహ్నానికి సముద్రం నుంచి గాలి మళ్లుతుంది. రాత్రి నేల చల్లబడితే గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. పడవవాళ్లకి ఇదే టైంటేబుల్. సరస్సు చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండదు, కాబట్టి గాలి లేకపోతే గెడ వేసి తోస్తారు.

ఇప్పుడు అసలు పాయింట్. మన చెరువులో నీళ్లు వాగు నుంచి వస్తాయి, తూములోంచో మరవ మీంచో పోతాయి. వన్ వే. పులికాట్ టూ వే. పోటు వస్తే సముద్రం లోపలికి, పాటు వస్తే సరస్సు బయటికి. ఇదంతా జరిగేది ముఖద్వారాల దగ్గర. ఆంధ్రాలో రాయదొరువు, కొండూరుపాలెం. తమిళనాడులో పళవేర్కాడు.

స్కాట్లాండ్‌లో కూడా ఇలాంటివి ఉన్నాయి. కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్ని అక్కడ ‘సీ లాఖ్’ అంటారు. లాఖ్ ఎటివ్ అనే పాయ ముఖం దగ్గర నీళ్ల కింద రాతి గడప ఉంది. పోటు పాటులకి అక్కడ నీళ్లు వాగులా ఉరుకుతాయి. తెరచాప పడవలు ఆ ఉరుకు తగ్గేదాకా ఆగి లోపలికి పోతాయి. ఎంత కష్టమైనా ఆ దారి మూసుకుపోదు, ఎందుకంటే అది రాయి.

పులికాట్ గడప మాత్రం ఇసుక. అలలు ఇసుక తెచ్చి పోస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడి స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు నిండుగా వస్తే ఆ ఇసుకని తోసేస్తాయి. వాన తక్కువైతే తోసేవాళ్లు లేరు. ముఖం పూడిపోతుంది.

పూడితే ఏమవుతుంది? సముద్రం నుంచి చేప పిల్లలు, రొయ్య పిల్లలు లోపలికి రాలేవు. ఎండాకాలం నీళ్లు ఆవిరైపోయి ఉప్పు మిగిలి, సముద్రం కంటే ఎక్కువ ఉప్పగా మారతాయి. వల ఖాళీ. మన దగ్గర వాన రాకపోతే బెంగళూరు బస్సెక్కుతారు కదా, అక్కడ ముఖం మూసుకుపోతే జాలర్లు కూడా అట్లే ఊరు వదిలి పనికి పోతారు. వాళ్లకి కరువంటే అదే. పూడిక తీయండి అని వాళ్లు అడిగేది అందుకే.

వెళ్లాలనుకుంటే చలికాలం బెస్ట్, ఫ్లెమింగోలు వస్తాయి. ఇది పక్షుల అభయారణ్యం, కాబట్టి అటవీశాఖ రూల్స్ ముందే కనుక్కోండి. లైఫ్ జాకెట్ తప్పనిసరి. రీల్ కోసం పక్షుల్ని లేపొద్దు, ప్లీజ్. పడవ నడిపే అన్నని మాత్రం ఒక్క మాట అడగండి: “అన్నా, ఈ ఏడు ముఖం తెరిచే ఉందా?” ఆ సరస్సు ఎలా ఉందో ఆయన జవాబులోనే తెలిసిపోతుంది.