బోదకాలు – మన ఇంటి చుట్టూ ఉన్న నీరు



ఉండి చుట్టుపక్కల పల్లెల్లో సాయంకాలపు గృహ కూడికకు వెళ్ళి చూడండి. నోరు పాట పాడుతూనే ఉంటుంది, చెయ్యి మాత్రం పాదాల మీద చప్పుడు చేస్తూ ఉంటుంది. ఎండా వానా వలె దోమ కూడా మన పల్లపు ప్రాంతానికి రాసిపెట్టి ఉన్నదని మనము సరిపెట్టుకున్నాము. మొన్న ఒక ఇంటికి వెళ్ళినప్పుడు, వయస్సు మళ్ళిన తల్లి ఒకామె మేము కూర్చున్నంతసేపూ మంచం దిగలేదు. కుచ్చెళ్ళు సర్దుకొని కాలు కప్పుకుంటూనే ఉన్నది. ముప్పై ఏళ్ళుగా బోదకాలట. గుడికి వస్తే వెనుక చాప మీద కూర్చుని, అందరికంటే ముందే లేచి వెళ్ళిపోతుందట. ఆమెను తలచుకొనే ఈ మాటలు రాస్తున్నాము.

బోదకాలు గోదావరి డెల్టాకు పాత చుట్టమే. ప్రభుత్వము జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమమును 1955లోనే మొదలుపెట్టింది. ఇది నీటి మార్పు వలన వచ్చిందనీ, ఎవరి శాపమో అనీ అనే పెద్దలు ఇంకా ఉన్నారు. కాదండీ, ఇది దోమ తెచ్చేదే. 1877లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు చైనాలోని అమోయ్ రేవులో, జబ్బు ఉన్న మనిషిని కుట్టిన దోమల కడుపులో ఈ పురుగు పిల్లలు పెరగడము చూశాడు. మలేరియా సంగతి ఇరవై ఏళ్ళ తరువాత, 1897 ఆగస్టు 20న, రోనాల్డ్ రాస్ మన సికిందరాబాదులోనే తేల్చాడు.

దారము వంటి ఈ పురుగులు మనిషి శోషరస నాళాలలో ఏళ్ళ తరబడి బ్రతుకుతాయి. వాటి పిల్లలు పగలు లోపల దాగి, రాత్రి పది దాటాక చర్మము దగ్గరి రక్తములోకి వస్తాయి. పూర్వము ఆరోగ్య సిబ్బంది అర్ధరాత్రి తలుపు తట్టి వేలు పొడిచి రక్తము తీసింది అందుకే. పాపము, వాళ్ళను ఎంతమంది కసురుకున్నారో! ఆ రక్తము త్రాగిన దోమ రెండు వారాలలోపే ఇంకొకరికి జబ్బు అంటించడానికి సిద్ధమవుతుంది. ఒక్క కాటుతో కాలు వాయదు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి కుట్టించుకుంటేనే జబ్బు పట్టుకుంటుంది. వాపు ఎప్పటికో గాని కనబడదు.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. పురుగు పిల్లలు రక్తములో ఉన్న మనిషి చాలాసార్లు దుక్కలా తిరుగుతూ ఉంటాడు. 2004లో దేశములో డి.ఇ.సి. మాత్రలు అందరికీ పంచడము మొదలుపెట్టినది అట్టివారి కోసమే. తరువాత ఆల్బెండజోల్ కూడా కలిపారు. “నాకేమి జబ్బు? నాకెందుకు మాత్ర?” అని గూట్లో పెట్టిన ఇళ్ళు ఎన్నో. మాలోనే ఒకరు కాగితములో చుట్టి సొరుగులో పడేసి మరచిపోయారు; ఒప్పుకుంటున్నాము. మింగిన తరువాత కొందరికి జ్వరము, తల తిరుగుడు వస్తాయి. అది చాలావరకు రక్తములోని పురుగు పిల్లలు చావడము వలన వచ్చేదే. రెండేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారు వేసుకోకూడదు. మిగిలినవారు, పంచడానికి వచ్చినప్పుడు వాళ్ళ ఎదుటే, అన్నము తిని మింగాలి.

ఇక దోమ పుట్టిల్లు. మన తప్పంతా కొల్లేటి మీదికి, చేపల చెరువుల మీదికి నెట్టడము మనకు అలవాటు. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమకు మన వంటింటి వెనుక మురుగే ఇష్టము. పల్లము గనుక డ్రైనులో నీరు పారదు, నిలుస్తుంది. సెప్టిక్ ట్యాంకు పైగొట్టము నోరు తెరచి ఉంటే అక్కడినుండి ప్రతి సాయంకాలము దోమలు లేస్తాయి. దానికి ఒక దోమతెర గుడ్డ ముక్క, ఒక తాడు చాలు. గుర్రపుడెక్క, అంతర తామర పెరిగిన గుంటలు వేరొక జాతివి. ఆ దోమ పిల్లలు ఆకు వేళ్ళను పొడిచి అందులోని గాలి పీల్చుకుంటాయి. కేరళలోని చేర్తల ప్రాంతములో 1980లలో ఆ కలుపు తీసి చెరువుల్లో చేపలు వేశారు. చేపల పెంపకములో మన వాళ్ళకు ఒకరు నేర్పవలసినది లేదు గదా!

వేసవిలో కాలువలు కట్టేసిన నాళ్ళలో డ్రమ్ములు, తొట్లు నింపి ఉంచుతాము. డెంగీ తెచ్చే దోమ ఆ మంచినీటిలోనే పెరుగుతుంది, పగలే కుడుతుంది. గుడ్డు రెక్కలు తొడగడానికి వారము పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికొకసారి తొట్టి వంచి, లోపలి గోడలు పీచుతో తోమి, ఆరనివ్వండి. పసిబిడ్డ ఉన్న గదిలో కొబ్బరి పీచు పొగ పెట్టకండి. దోమ పోతుందేమో గాని బిడ్డకు ఆయాసము వస్తుంది. దోమతెర మేలు.

ఇప్పటికే కాలు వాచినవారు ప్రతిదినము సబ్బుతో కడుక్కొని, వేళ్ళ సందులు మెత్తని గుడ్డతో తడి లేకుండా అద్దుకోవాలి. ఆ సందుల్లోని పుండ్ల గుండానే సూక్ష్మక్రిములు దూరి చలిజ్వరము, మంట తెస్తాయి. అలా వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకా పెరుగుతుంది. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కాలు ఎత్తున పెట్టుకోవాలి. జ్వరము వచ్చి కాలు ఎర్రబడితే పసర్లు పూయక డాక్టరు వద్దకు వెళ్ళాలి.

ఆ తల్లికి ఇప్పుడు కోడలు రెండు పూటలా కాలు కడుగుతున్నది. బజారులో ఆమెకు సరిపడే చెప్పులు దొరకలేదు. స్త్రీల సమాజము వారు కాగితము మీద ఆమె పాదము కొలత గీసుకొని, చెప్పులు కుట్టే ఆయనకు ఇచ్చి వచ్చారు.